మాటలు తీసేసి పాడమన్న మనిషి

మొన్న మా బ్యాంకులో శిక్షణ తరగతి పెట్టారు. బెంగుళూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. హిందూపురం ఎండలో కూడా టై విప్పలేదు. కౌంటర్లు మూశాక మమ్మల్ని మేడమీద కూర్చోబెట్టి, నలభై ప్రశ్నలున్న కాగితాలిచ్చి టిక్కులు పెట్టమన్నాడు. నలుగురిలో ఉంటే హుషారుగా ఉంటారా, ఒంటరిగా ఉంటేనా? నిర్ణయాలు తలతో తీసుకుంటారా, మనసుతోనా? టిక్కులన్నీ లెక్కపెట్టి మనిషికి నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చాడు. అవే మన స్వభావమట. మా క్యాషియరుకూ అటెండరుకూ ఒకే నాలుగు అక్షరాలు వచ్చాయి. వాళ్ళిద్దరూ పదేళ్ళుగా మాట్లాడుకోరు.

అంతటితో వదిలేసినా బాగుండేది. "ఇప్పుడు మీకిష్టమైన ఒక పాట అనుకోండి. ఆ పాట ఒక మనిషైతే దానికి ఏ నాలుగు అక్షరాలు ఇస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక్కొక్కరూ ఏదో ఒక పాట చెబుతున్నారు. నా వంతు వచ్చేసరికి నాకు పాటలు తెలియవని చెప్పి, తలనొప్పి అని కిందికి వచ్చేశాను. మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ కుర్రాడు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పిన పనిని పన్నెండేళ్ళ కిందటే ప్యాసింజరు బండిలో రోజూ చేసిన మనిషి నాకు తెలుసు. ఆయన పోయి ఆరు నెలలైంది.

పేరు చెప్పను. బండిలో అందరూ డాక్టరు సారు అనేవాళ్ళు. డాక్టరు కాదు, సారు మాత్రం నిజం. ధర్మవరంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. నేను అప్పట్లో ధర్మవరం బ్రాంచిలో గుమాస్తాని, రోజూ హిందూపురంలో ఎక్కేవాణ్ణి. ఆయన పెనుకొండలో ఎక్కేవాడు. చంకలో గొడుగు, చేతిలో రేకు డబ్బా. ఆ డబ్బా నిండా చిటికెన వేలంత సీసాలు. హోమియో మందులు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని సొంతంగా నేర్చుకున్నాడు. మా పెట్టెలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన చక్కెర మాత్రలు చప్పరించినవాళ్ళే. "కాఫీ మానండి, పచ్చి ఎర్రగడ్డ మానండి" అనేవాడు. కాఫీ గానీ ఉల్లి గానీ మానినవాడు ఒక్కడూ లేడు.

హోమియోలో మందు జబ్బుకు కాదు, మనిషికి అని ఆయన మాకు లెక్కలేనన్ని సార్లు చెప్పాడు. ఇద్దరికీ తలనొప్పే కావచ్చు. ఒకరు తలుపు మూసుకుని నన్ను పలకరించవద్దంటారు, ఇంకొకరు పక్కన ఎవరైనా కూర్చోవాలంటారు. ఆ ఇద్దరికీ ఒకే మందు ఇస్తే పాపమట. ప్రతి మందుకూ ఒక స్వభావం ఉంటుంది, ఆ స్వభావం ఉన్న మనిషిని వెతికి పట్టుకోవడమే వైద్యమట. నక్స్ వామికా ముక్కోపి. నేట్రమ్ మూర్ లోపల కుమిలిపోతుంది, ఎవరైనా ఓదారిస్తే మండిపడుతుంది. పల్సటిల్లా ఊరికే ఏడుస్తుంది, దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటుంది. ఆయన నోట ఈ పేర్లు మేనత్తల పేర్లూ పిన్నమ్మల పేర్లూ వచ్చినట్టు వచ్చేవి.

అంతవరకే అయితే ఆయన గురించి రాయాల్సిన పని లేదు. ఊరికో హోమియో మేష్టారు ఉండేవాడు ఆ రోజుల్లో. ఈయన పాటలను కూడా పేషెంట్లలాగే చూసేవాడు.

బండిలో హార్మోనియం పెట్టుకుని కళ్ళు లేని మొగుడూ పెళ్ళాలు పాడుతూ వచ్చేవాళ్ళు. పాట మొదలవగానే ఈయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. రెండు వేళ్ళు కిటికీ కమ్మీ మీద ఆనించేవాడు, నాడి చూసినట్టు. కుడి చెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఎడమ చెవి పాటవైపు తిప్పేవాడు. పాట అయిపోయాక వెంటనే చెప్పడు. తరువాతి స్టేషను రావాలి. బండి ఆగాక, "ఆర్సెనికమ్," అనేవాడు.

"ఎట్లా చెప్తాండావు సార్?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, నవ్వు బిగబట్టుకుని.

"దప్పిక చూడప్పా. పాటకు దప్పిక ఉంటాది. ఒకటి గుక్కతిప్పుకోకుండా పోతాది, దానికి నీళ్ళే అక్కరలేదు. ఇది చూడు, నాలుగడుగులు పోతాది, ఆగుతాది, ఒక్క గుక్క తాగుతాది, మళ్ళా లేస్తాది. ఒక చోట కూసోలేదు. భయం దీనికి. యాడ కూసుంటే యేమైతాదో అని."

మేం నవ్వేవాళ్ళం. నవ్వి, మళ్ళీ ఆ పాట ఎక్కడైనా వినబడితే నాలుగడుగులకు ఒకసారి ఆగడం మాకూ వినబడేది. ఆ తరువాత ఆ పాటను మామూలుగా వినడం చేతనయ్యేది కాదు. ఆయన మీద నాకున్న మొదటి కోపం అదే.

ఒక నోటుపుస్తకం ఉండేది. లెక్కల సారు కదా, నిలువు గీత గీసి ఎడమవైపు పాట మొదటి మాటలు, కుడివైపు మందు పేరు. కొన్నింటి దగ్గర కుడివైపు ఖాళీ. అవి ఇంకా తేలలేదన్నమాట. మా వాళ్ళు ఆటపట్టించడానికి ఒకసారి సబ్బు ప్రకటన పాట పాడారు. ఆయన కళ్ళజోడు తీసి దాన్ని కూడా శ్రద్ధగానే విన్నాడు. "దీనికి జబ్బేం లేదు. పుస్తకంలో ఎక్కియ్యను," అన్నాడు. మంచి పాట, చెడ్డ పాట అనే మాట ఆయన నోట నేను వినలేదు.

ఎవరిని పాడమన్నా ఆయన ఒకటే షరతు పెట్టేవాడు. "మాటలు తీసేసి పాడు. ఊరికే రాగం. పేషెంటు నోటితో చెప్పేది సగం అబద్ధమే. అందుకే నాలుక చాపమంటాం. రాగం పాటకు నాలుక."

నేను పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటానట. నాకే తెలియదు. ఒకరోజు ధర్మవరం రాబోతుండగా, "నీ పాట లైకోపోడియం," అన్నాడు. అదేమిటంటే చెప్పడు. బలవంతం చేస్తే చెప్పాడు. "పైకి శానా గట్టిగా ఎత్తుకుంటాది. బరువు మోయాల్సిన కాడికి వచ్చేసరికి పక్కకు తప్పుకుంటాది." పాటే కదా సార్ అన్నాను. పాటేనప్పా అన్నాడు. వారం రోజులు వేరే పెట్టెలో ఎక్కాను.

ఇంకొక మాట కూడా చెప్పాడు. ఇది ముఖ్యం. ఎవరో అడిగారు, ఆ డబ్బాలో ఎప్పుడూ వాడని సీసా ఉందా అని. ఉందన్నాడు. అవురమ్, బంగారంతో చేసే మందు. బతకాలని లేని మనిషికి. "పాటల్లో ఇంతవరకు తగల్లేదు. తగిలితే మాత్రం నేను మాత్రలు ఇవ్వను. ఇంట్లో అందరికీ చెప్పి, ఆ మనిషి చెయ్యి పట్టుకొని ఎదురు బండికి బెంగుళూరు పెద్దాస్పత్రికి పోతా. ఎవురేమనుకున్నా సరే." ఆ రోజు ఎవరం నవ్వలేదు.

ఇక మా అక్క సంగతి.

అక్కను ధర్మవరం ఇచ్చాం. బావ మగ్గం నేస్తాడు. అక్క రాట్నం ముందు కూర్చుని పట్టునూలు కండెలకు చుట్టేది. ఒక్కతే కూతురు, నాలుగేళ్ళది. తొంభై ఆరు వానాకాలంలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఊరి బయట పూడ్చిపెట్టి వచ్చాం. అక్క అందరిలా ఏడ్చింది, పదకొండు రోజులు గడిచాక లేచి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. పని తగ్గలేదు. వంట మానలేదు. పాట మొదలుపెట్టింది, అంతే. పొద్దున కూర్చున్నది మొదలు పొద్దు వాలేదాకా అదే పాట.

అది మా అవ్వ పాట. కూలికి పోయే తల్లి ఇంట్లో బిడ్డను పండబెడుతూ పాడేది. మొదటి చరణంలో శెనక్కాయలు తెస్తానంటుంది, రెండో చరణంలో నక్క కథ చెబుతానంటుంది, మూడో చరణానికి వచ్చేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. అక్కా నేనూ ఆ పాటకే పడుకుని పెరిగాం. చరణాలు మూడే.

ఒకరోజు మధ్యాహ్నం బ్యాంకు నుంచి భోజనానికి అక్కావాళ్ళింటికి వెళ్ళాను. సంగటి పెట్టి మళ్ళీ రాట్నం దగ్గరికి పోయింది. నేను తింటున్నాను. మూడు చరణాలూ అయ్యాయి. ఆగకుండా నాలుగోది ఎత్తుకుంది.

కొంచెం జరుగు తల్లీ, సోటియ్యి నాకు
కండెలయినాక వస్తా, దిగులొద్దు నీకు

నా చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. బావ మగ్గం గుంతలోంచి తలెత్తకుండా, "పొద్దస్తమానం అదే పాటబ్బా," అన్నాడు. ఆయనకు పాట తెలియదు. ఇది మా అవ్వ కట్టింది కాదని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. నేను మిగతా సంగటి తిని, చెయ్యి కడుక్కుని, బ్యాంకుకు వెళ్ళాను.

ఆ సాయంత్రం తిరుగుబండిలో సారుతో అక్క గురించి చెప్పాను. కూతురు పోయిందనీ, పాట మానడం లేదనీ చెప్పాను. నాలుగో చరణం మాట చెప్పలేదు. ఆయన పుస్తకం కూడా తీయలేదు. "రేపు స్కూలు అయినాక పోదాం పద," అన్నాడు.

మరునాడు వచ్చాడు. చెప్పులు గడప బయట వరుసగా విడిచి, గచ్చు మీద కూర్చుని, కళ్ళజోడు తీశాడు. అక్క సిగ్గుపడింది. "పాడేదానికి నాకేం వస్తాది సార్? అది మా అవ్వ పాట."

"నువ్వు పాడొద్దమ్మా. నీ పని నువ్వు చేసుకో. నోట్లో ఏమన్నా వస్తే రానీ. మాటలొద్దు, ఊరికే రాగం."

అక్క రాట్నం తిప్పింది. కాసేపటికి రాగం వచ్చింది. సారు రెండు వేళ్ళు గచ్చు మీద ఆనించి విన్నాడు. మెత్తని రాగం అది, ఎవరు పాడినా జాలిగానే ఉంటుంది. మాటలు లేకపోతే మూడో చరణానికీ నాలుగో చరణానికీ తేడా ఏముంది? నేను గోడకు ఆనుకుని నిలబడి, ఇప్పుడు నాలుగోది నడుస్తోంది అని లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. దాహం ఎట్లుంది, నిద్ర పడుతోందా, పక్కన ఎవరైనా కూర్చుంటే బాగుంటుందా అని ఆయన అడిగాడు. కూర్చుంటే బాగానే ఉంటుంది సార్ అంది అక్క.

సందులోకి వచ్చాక ఆయన ఆగాడు. "పల్సటిల్లా మాదిరే ఉండాది. తడి పాట. తోడుంటే నిమ్మళిస్తాది. పొడి కట్టిచ్చినా, మూడు పూటలా వెయ్యమను," అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. గొడుగు చంక మార్చాడు. "ఒక మాట అబ్బీ. నేను మాటలు వినలేదు. పాట మీ అవ్వ పాడినట్లే ఉండాదా? ఏమన్నా మార్చిందా? కొత్తగా కలిపిందా?"

"లేదు సార్," అన్నాను. "చిన్నప్పటినుంచీ పాడేదే."

ఎందుకన్నానో రాయకపోతే ఇదంతా రాయడం దండగ. ఆ వచ్చే గురువారం మడకశిర నుంచి నాకు పిల్లనిచ్చేవాళ్ళు వస్తున్నారు. రెండు సంబంధాలు అప్పటికే చెడిపోయాయి. నాలుగో చరణం చెబితే ఆయన ఏం చేస్తాడో బండిలో ఆయన నోటితోనే విన్నాను. అక్క చెయ్యి పట్టుకుని బెంగుళూరు పిచ్చాసుపత్రికి బయలుదేరతాడు. సందంతా చూస్తుంది. ఆ ఇంట్లో పిచ్చి ఉందంట అనే మాట గురువారంలోగా మడకశిర చేరుతుంది. గురువారం గడవనీ, ఆ తరువాత చెబుదాం అనుకున్నాను. అయిదు రోజులే కదా అనుకున్నాను.

పొడి వేశారు. బావ వాళ్ళమ్మ రోజంతా పక్కన కూర్చుంది. అక్క కాస్త తేరుకుందని కబురు కూడా వచ్చింది. గురువారం పెళ్ళివాళ్ళు వచ్చారు, కాఫీలు తాగారు, ఖాయం చేసుకున్నారు. శుక్రవారం పొద్దున చుట్టాల్సిన కండెలన్నీ చుట్టి, వరుసగా బుట్టలో పెట్టి, అక్క తనంతట తానే వెళ్ళిపోయింది. ఎట్లా అనేది రాయను.

సారు వచ్చాడు. మా దగ్గరికి రాలేదు. బావ పక్కన కూర్చుని చాలాసేపు ఏదో అడిగాడు. బావ తల ఊపుతూ చెబుతున్నాడు. నేను దూరం నుంచి చూశాను. చూస్తుండగానే సారు కళ్ళజోడు తీశాడు. అక్కడ పాడేవాళ్ళు ఎవరూ లేరు. తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోకుండానే, గోడ తడుముకుంటూ సందు దాటి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత బండిలో డబ్బా కనబడలేదు. గొడుగు ఒక్కటే. ఎవరైనా కడుపునొప్పి అంటే, "ఆస్పత్రికి పో నాయనా, డాక్టరుకు చూపించుకో," అనేవాడు. కళ్ళు లేని మొగుడూ పెళ్ళాలు హార్మోనియం సర్దుకుంటుంటే లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు, గాలి మోతలో పాట వినపడకుండా. కొత్తగా వచ్చినవాళ్ళు, "సారు పాటలకు మందులిస్తాడంట గదా," అని అడిగితే, "ఎవురో చెప్పింటారు," అనేవాడు. నాతో మాత్రం ఎప్పటికన్నా మెత్తగా మాట్లాడేవాడు. నా పెళ్ళికి వచ్చి అక్షింతలు వేశాడు. నాకు బిడ్డ పుడితే పెనుకొండ నుంచి చెక్క ఉయ్యాల పంపించాడు. నేనేమో ఆయన కనబడగానే పేపరు విప్పుకునేవాణ్ణి. నాలుగేళ్ళు అలాగే ఒకే పెట్టెలో ప్రయాణం చేశాం. చెప్పడానికి రోజూ గంటకు పైగా సమయం ఉండేది. ఆ తరువాత నాకు హిందూపురం బదిలీ అయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

పోయిన ఏడాది ఆయన మంచం పట్టాడని తెలిసింది. ఈసారి చెప్పి తీరాలని పెనుకొండ వెళ్ళాను. బండిలో మాటలు కూర్చుకున్నాను కూడా. సార్, ఆ రోజు మీరడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. అంతే. ఇంతకంటే పొడుగు అక్కరలేదు.

ఆయన కూతురు లోపలికి తీసుకెళ్ళింది. బాగా చిక్కిపోయాడు. కొండ కనబడే కిటికీ పక్కన మంచం. రెండో చెవి కూడా పోయిందని, దగ్గరగా కూర్చుని గట్టిగా మాట్లాడమని చెప్పి ఆమె కాఫీ కోసం వెళ్ళింది. నేను స్టూలు జరుపుకున్నాను. నోరు తెరిచేలోపు ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"వస్తావని తెలుసప్పా. నీకొక మాట చెప్పాల. మీ అక్కను నేనే పోగొట్టినా."

"సార్..."

"ఉండు, చెప్పనీ. మీ బావ చెప్పినాడు ఆ పొద్దు. నాలుగో చరణం ఒకటి పాడేదంట. ఆయనకు పాట తెలీదు పాపం, పాటలో ఉండేదే అనుకున్నాడు. నేను మాటలొద్దంటి. పద్ధతి, పద్ధతి అని. ఆ బిడ్డ నోరు తెరిచి చెప్పేదానికి కూసుంటే, మాటలు తీసెయ్యమంటి. ఒక్కసారి మాటల్తో పాడమనింటే సాలు. నిన్ను గూడా అడిగితి సందులో. నీకేం తెలుస్తాది, నువ్వు పొద్దున పోయి మాపటికి వచ్చేవాడివి. తెలిసింటే చెప్పేవాడివి కదా."

ఆయన నా ముఖం చూస్తున్నాడు. కళ్ళజోడు లేదు. ఇప్పుడు చెప్పాలంటే అరిచి చెప్పాలి. ఆయన కూతురు వంటింట్లో గ్లాసులు కడుగుతోంది, వినబడుతుంది. పక్క గదిలో అల్లుడున్నాడు, వింటాడు. ఇన్నీ లెక్కేసుకున్నాను.

"పన్నెండేండ్లు మోసినా అబ్బీ. నువ్వు ఒక్క మాట అంటే సాలు. పోయేముందర."

నేను ముందుకు వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఇంటిల్లిపాదికీ వినబడేలా గట్టిగా అన్నాను.

"పోనీలెండి సార్. మీ తప్పేముంది? తెలియక చేసింది కదా. మా ఇంట్లో ఎవరికీ మీ మీద కోపం లేదు."

ఆయన ఏడ్చాడు. నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. కూతురు కాఫీ తెచ్చి, తండ్రి ముఖం చూసి, "మీరు శానా మంచోళ్ళు సార్," అని నాతో అంది. కాఫీ తాగి వచ్చేశాను.